ఈత మానకండి, నీటిని తెలుసుకోండి

కార్తీకమాసం వచ్చిందంటే మన ఉత్తరాంధ్రలో బళ్ళన్నీ వనభోజనాలకు బయలుదేరుతాయి. శాలిహుండం కొండ ఎక్కి దిగి, అటునుంచి కళింగపట్నం సముద్రానికి పోయేవారు కొందరు. ముఖలింగం గుడి చూసి వంశధారలో దిగేవారు కొందరు. బారువ తీరానికి, సీతంపేట కొండల్లోని మెట్టుగూడ జలపాతానికి, తాటిపూడి జలాశయానికి, ఇంకా దూరం పోయి విశాఖపట్నం ఋషికొండకు వెళ్ళేవారు మరికొందరు. ఎక్కడికి వెళ్ళినా నీరు కనబడగానే మీ కాళ్ళు ఆగవు. అది మీ వయసుకు సహజమే. కాని, దిగే ముందు ఒక్క అయిదు నిమిషాలు గట్టుమీద నిలబడి ఆలోచించండి అని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

నీళ్ళ విషయంలో పెద్దల దగ్గర మీకు రెండు రకాల సలహాలు దొరుకుతాయి. "పారే నీటికి దోషమేమిటి, దిగండి" అంటారు కొందరు. "అసలు నీళ్ళ జోలికే పోవద్దు" అంటారు మరికొందరు. మొదటిది నిర్లక్ష్యం, రెండవది భయం. సైన్సు చదువుకునే విద్యార్థికి ఈ రెండూ పనికిరావన్నది నా అభిప్రాయం. మనకు కావలసింది మూడవది. అదే తెలుసుకోవడం.

ఈత ఎందుకు మానకూడదు?

ముందుగా భయం సంగతి తేల్చుకుందాం. 2021వ సంవత్సరంలో ప్రపంచం మొత్తంమీద సుమారు 3 లక్షల మంది నీటిలో మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఈత రానివారు, వచ్చినా లోతు తెలియకుండా దూకినవారు ఇలా ప్రాణాలు పోగొట్టుకుంటారు. నదులు, గెడ్డలు, చెరువులు, సముద్రం అన్నీ ఉన్న మన ప్రాంతంలో ఈత రాకపోవడమే పెద్ద ప్రమాదం. కాబట్టి పిల్లల్ని నీటికి దూరంగా పెంచడం వారిని కాపాడటం కాదు. పెద్దల ఎదుట, లోతు తెలిసినచోట, ప్రతి పిల్లవాడూ ప్రతి ఆడపిల్లా ఈత నేర్చుకోవాలి. వ్యాయామాలలో ఈతకు మించినది అరుదు.

నేను ఇప్పుడు చెప్పబోయే జబ్బులు నీటిలో దిగిన ప్రతివారికీ రావు. కొన్ని చాలా అరుదు. అయినా వాటిని తెలుసుకోవాలి. ఎందుకంటే వీటిలో చాలావాటిని ఆపడానికి పైసా ఖర్చు అక్కరలేదు. కాస్త తెలివిడి ఉంటే చాలు.

తేట నీరంటే మంచి నీరేనా?

నీరు తేటగా ఉంటే శుభ్రంగా ఉందనుకుంటాం. ఇది మన కన్ను చేసే మోసం. మనుషుల పేగులలో, పశువుల పేగులలో కోలిఫారం అనే జాతి బాక్టీరియా ఉంటుంది. నీటిలో మలం కలిసిందో లేదో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు ఈ బాక్టీరియాను లెక్కపెడతారు. ఆరుబయట స్నానానికి పనికివచ్చే నీటిలో 100 మిల్లీలీటర్లకు ఇవి 500కు మించి ఉండరాదని మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం పెట్టింది. అంటే ఒక మిల్లీలీటరుకు 5 మాత్రమే.

మరి మన కంటికి నీరు మసకగా కనబడాలంటే ఎన్ని బాక్టీరియా ఉండాలి? ఒక మిల్లీలీటరులో సుమారు కోటి ఉండాలి. కోటిని 5తో భాగించి చూడండి. ఇరవై లక్షలు వస్తుంది. అంటే ఆ ప్రమాణానికి ఇరవై లక్షల రెట్లు ఎక్కువగా బాక్టీరియా చేరితేగాని మన కన్ను వాటిని పసిగట్టలేదు. గ్లాసులో పోసి సూర్యుడికి ఎదురుగా పెట్టి చూసినా లాభం లేదు.

ఇక పారే నీటి సంగతి. "పారే నీటికి దోషం లేదు" అనే మాటలో కొంత నిజం ఉంది. నది తనను తాను శుభ్రం చేసుకుంటుంది. రాళ్ళమీద దూకినప్పుడు గాలిలోని ఆక్సిజన్ నీటిలో కరుగుతుంది. ఆ ఆక్సిజన్ సాయంతో మేలుచేసే సూక్ష్మజీవులు మలినాలను తినేస్తాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు క్రిములను చంపుతాయి. ఇసుక కొంత వడగడుతుంది. అయితే ఈ పనులన్నిటికీ కాలం కావాలి, దూరం కావాలి. మురుగుకాలువ కలిసిన చోటుకు నూరు గజాల దిగువన దిగినవారికి నది చేసే ఈ మేలు అందదు.

మన పాతపట్నం సంగతే చూడండి. ఒడిశాలోని మహేంద్రగిరి కొండల్లో పుట్టిన మహేంద్రతనయ మన ఊరికీ, అవతలి ఒడ్డున ఉన్న పర్లాకిమిడికీ నడుమ పారుతూ, గొట్టా బ్యారేజీకి ఎగువన వంశధారలో కలుస్తుంది. ఆ వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో పడుతుంది. ఎవరి ఊరి రేవు వారికి మొదటి రేవులాగే తోస్తుంది. కాని ప్రతి ఊరూ ఒక ఊరికి దిగువ, మరొక ఊరికి ఎగువ. పై ఊరివాళ్ళు వదిలినది మనం స్నానం చేస్తాం. మనం వదిలినది కింది ఊరివాళ్ళు స్నానం చేస్తారు. నదిలో దిగే ప్రతి విద్యార్థీ గుర్తుపెట్టుకోవలసిన మొదటి పాఠం ఇదే.

కలకత్తా చెరువు చెప్పిన పాఠం

నీటిలో జబ్బు ఉంటుందని మొదట నిరూపించినవాటిలో ఒక చెరువు కథ మన దేశానిదే. 1884లో జర్మన్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ కలరా కారణాన్ని వెతుకుతూ కలకత్తాలో పనిచేశాడు. ఊరి శివారులో ఒక చెరువు చుట్టూ ఉన్న ఇళ్ళలో కలరా చెలరేగింది. అక్కడివారు ఆ చెరువులోనే స్నానం చేసేవారు, గుడ్డలు ఉతికేవారు, ఆ నీటినే తాగేవారు. కాక్ ఆ నీటిని సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, రోగుల పేగుల్లో కనబడిన వంకర బాక్టీరియానే అందులోనూ చూశాడు. జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు నీటిలో అవి ఎక్కువగా ఉన్నాయి. జబ్బు తగ్గుతుండగా అవీ తగ్గాయి. స్నానం, ఉతుకు, తాగడం మూడూ ఒకే నీటిలో జరిగితే ఏమవుతుందో ఆ చెరువు చూపించింది.

మన దేహానికి మూడు ద్వారాలు

నీటిలోని క్రిమి మన ఒంట్లోకి రావాలంటే దానికొక దారి ఉండాలి. ఈత కొట్టేవారి విషయంలో ఆ దారులు ముఖ్యంగా మూడు. నోరు, ముక్కు, చర్మం. ఏ ద్వారం గుండా ఏది వస్తుందో తెలిస్తే, ఏ తలుపు ఎప్పుడు మూయాలో మీకే తెలుస్తుంది.

మొదటి ద్వారం నోరు. "నేను నీళ్ళు మింగనండీ, ఈదుతానంతే" అని మీరు అనవచ్చు. అమెరికాలో శాస్త్రజ్ఞులు దీన్ని కొలిచి చూశారు. ఈతకొలనులో వాడే ఒక రసాయనం ఒంట్లోకి పోయి, ఏ మార్పూ లేకుండా మూత్రంలో బయటికి వస్తుంది. ఈదినవారి మూత్రంలో దాన్ని కొలిచి, ఎంత నీరు మింగారో లెక్కకట్టారు. 2006లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం 45 నిమిషాల ఈతలో పెద్దవారు సగటున 16 మిల్లీలీటర్లు మింగితే, పిల్లలు 37 మిల్లీలీటర్లు మింగారు. అంటే పెద్దలకు రెట్టింపు కన్నా ఎక్కువ! నీళ్ళు చిమ్ముకుంటూ, అరుచుకుంటూ ఈదేది పిల్లలే కదా. నీటిలో మలం కలిసి ఉంటే కలరా, టైఫాయిడ్, విరేచనాలు, హెపటైటిస్ ఏ అనే పచ్చకామెర్లు ఈ దారినే వస్తాయి.

"అయితే క్లోరిన్ వేసిన ఈతకొలనులో భయం లేదు కదా?" అని అడుగుతారు. చాలావరకు లేదు. కాని క్లోరిన్ మంత్రం కాదు, దానికీ సమయం కావాలి. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము క్లోరిన్ సరిగా ఉన్నప్పుడు, ఈ.కోలి బాక్టీరియా ఒక నిమిషం లోపునే చస్తుంది. హెపటైటిస్ ఏ వైరస్‌కు సుమారు 16 నిమిషాలు పడుతుంది. జియార్డియా అనే ఏకకణజీవికి 45 నిమిషాలు. క్రిప్టోస్పోరిడియం అనే మరొక ఏకకణజీవి గట్టి పెంకులో దాగి ఉంటుంది. దానికి పది రోజులకు పైగా పడుతుంది! కనుక విరేచనాలు పట్టుకున్న ఒక్క పిల్లవాడు కొలనులో దిగితే, క్లోరిన్ ఉన్నా తక్కినవారికి రక్షణ లేదు. మరొక సంగతి. ఈతకొలను దగ్గర ఘాటుగా వాసన వస్తే "క్లోరిన్ బాగా వేశారు" అనుకుంటాం. ఆ వాసన చెమటతోను, మూత్రంతోను క్లోరిన్ కలిసినందువల్ల పుట్టే క్లోరమైన్లది. వాసన ఘాటుగా ఉందంటే క్లోరిన్ పని ఎక్కువైందని అర్థం.

రెండవ ద్వారం ముక్కు. 1965లో ఆస్ట్రేలియాలో ఫౌలర్ అనే వైద్యుడు, ఆయన సహచరుడు కార్టర్ ఒక వింత మెదడువాపు గురించి ప్రకటించారు. దానికి కారణమైన అమీబాకు తరువాత ఫౌలర్ పేరుమీదనే నెగ్లేరియా ఫౌలెరి అని పేరుపెట్టారు. ఇది వెచ్చని మంచినీటిలో, అడుగు బురదలో బతుకుతుంది. సముద్రపు నీటిలో బతకదు. దీన్ని తాగితే ఏమీ కాదు. కాని నీరు ముక్కులోకి జోరుగా ఎక్కితే, వాసన తెలిపే నరం వెంట పాకి మెదడును చేరుతుంది. చాలా అరుదైన జబ్బు. కాని వస్తే నూటికి 97 మందికి పైగా బతకరు.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. 2024లో కేరళలో ఈ రకం జబ్బులు వరసగా బయటపడ్డాయి. చనిపోయినవారిలో మీ ఈడు పిల్లలున్నారు. 2025లోనూ అక్కడ కేసులు వచ్చాయి. అందువల్ల నిలిచి వెచ్చబడిన నీటిలోకి తలకిందులుగా దూకవద్దు. అడుగున బురదను కాళ్ళతో, చేతులతో కెలకవద్దు. మునిగేటప్పుడు ముక్కు మూసుకోండి. మన పెద్దలు పుణ్యస్నానంలో మూడు మునకలు వేసేటప్పుడు వేళ్ళతో ముక్కు, చెవులు మూసుకోవడం మీరు చూసే ఉంటారు. ఏ కారణంతో మొదలైనా, ఆ అలవాటు శాస్త్రానికి సరిపోతుంది. దాన్ని నవ్వుతాలుగా తీసేయకండి.

ముక్కు దారినే వచ్చే మరో జబ్బుకు మన దక్షిణ భారతదేశం, శ్రీలంక పేరుపడ్డాయి. ముక్కులో ఎర్రని కండ పెరుగుతుంది. దానిమీద తెల్లని చుక్కలుండి స్ట్రాబెరీ పండులాగా కనబడుతుంది. ముట్టుకుంటే రక్తం కారుతుంది. దీని పేరు రైనోస్పోరిడియోసిస్. దీన్ని 1900లో అర్జెంటీనాలో సీబర్ అనే ఆయన వర్ణించాడు. నిలవనీటి చెరువులలో పశువులతోపాటు స్నానం చేసేవారిలో, నది అడుగున ఇసుక తీసేవారిలో ఇది ఎక్కువగా కనబడింది. దాదాపు నూరేళ్ళు దీన్ని శిలీంధ్రమనే భావించారు. 1999లో డీఎన్ఏ పరీక్షలు చేసి చూస్తే, ఇది శిలీంధ్రం కాదనీ, చేపలలో పరాన్నజీవులుగా బతికే కొన్ని సూక్ష్మజీవులకు చుట్టమనీ తేలింది. కండను శస్త్రచికిత్సతో తీసివేయాలి. ప్రాణాపాయం అరుదేకాని, మళ్ళీ మళ్ళీ పెరుగుతుంది.

మూడవ ద్వారం చర్మం. చర్మం మంచి కోటగోడ. కాని గీరుకున్నచోట, ముల్లు గుచ్చుకున్నచోట, ఎక్కువసేపు నానిన అరికాళ్ళలో ఆ గోడకు సందులు పడతాయి. ఎలుకలు, పశువులు, కుక్కలు, పందుల మూత్రంలో లెప్టోస్పైరా అనే మెలికల బాక్టీరియా ఉండవచ్చు. వాన నీటితో అది చెరువులకు, గెడ్డలకు చేరుతుంది. ఆ సందుల గుండా మన ఒంట్లో చేరి జ్వరం, ఒళ్ళునొప్పులు, ముఖ్యంగా పిక్కల నొప్పి, కళ్ళెర్రబడటం కలిగిస్తుంది. ముదిరితే కాలేయం, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

మన శ్రీకాకుళం జిల్లానుంచి ఎన్నో కుటుంబాలు అండమాన్ దీవులకు వెళ్ళి స్థిరపడ్డాయి. 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని, ఇప్పుడు శ్రీ విజయపురం అని పిలిచే పట్నంలో తెలుగు మాట వినబడని వీధి తక్కువ. ఆ దీవులలో 1988 నుంచి ప్రతి ఏడూ వానలు వెనకబట్టే వేళకు ఒక వింత జ్వరం వచ్చేది. ఊపిరితిత్తులలో రక్తస్రావమై మనుషులు చనిపోయేవారు. కారణం తెలియక దాన్ని అండమాన్ రక్తస్రావ జ్వరం అన్నారు. చివరకు 1993లో పరిశోధకులు అది లెప్టోస్పైరా పనేనని తేల్చారు. కారణం తెలిసినాక మందూ తెలిసింది.

యాత్రికులకు ఈ క్రిమి ఏం చేయగలదో 2000వ సంవత్సరంలో మలేషియాలో తెలిసింది. బోర్నియో దీవిలోని సబా రాష్ట్రంలో ఒక సాహస పందెం జరిగింది. 26 దేశాలనుంచి 304 మంది పాల్గొన్నారు. అందరూ కండలు తిరిగిన దృఢకాయులే. అడవిలో నడిచి, సెగామా నదిలో ఈది, ఇళ్ళకు తిరిగిపోయారు. తరువాత ఒకరొకరికే జ్వరాలు మొదలయ్యాయి. పరిశోధకులు వారిలో 189 మందిని విచారిస్తే 80 మంది జబ్బుపడినట్లు తేలింది. నదిలో ఈదినవారికే ఎక్కువగా సోకింది. అది లెప్టోస్పైరోసిస్. ఎవరి దేశంలో వారు వేరువేరు డాక్టర్ల దగ్గరకు వెళ్ళారు కనుక, "నేను ఫలానా నదిలో ఈదాను" అని చెప్పకపోతే ఏ డాక్టరుకూ అనుమానం రాదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాను.

చర్మానికి సందు అక్కరలేకుండానే దూరగల జీవులూ ఉన్నాయి. మన పశువులకు ముక్కులో పుండ్లు పడి గురకపెట్టే జబ్బు వస్తుంది. దీనికి కారణమైన పురుగును మద్రాసులో పనిచేసిన పశువైద్య శాస్త్రజ్ఞుడు ఎం. అనంత నారాయణరావు 1933లో వర్ణించారు. పశువు చీమిడితోపాటు దీని గుడ్లు చెరువులో పడతాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఒక జాతి నీటినత్తలో చేరి పెరుగుతుంది. నత్తనుంచి చీలిన తోకగల పిల్లలుగా వేల సంఖ్యలో బయటికి వచ్చి పశువు చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతాయి. అదే చెరువులో మనం దిగితే, మనమూ పశువులమే అనుకుని మన చర్మాన్నీ తొలుస్తాయి. కాని మన ఒంట్లో బతకలేక అక్కడే చస్తాయి. పశువులలో, నీటి పక్షులలో బతికే ఇలాంటి పురుగులవల్లనే కొన్ని చెరువులలో స్నానం చేసినాక ఎర్రని పొక్కులు, విపరీతమైన దురద వస్తాయి. కొన్ని రోజులలో తగ్గిపోతుంది.

ఆఫ్రికాలో దీని చుట్టమైన పురుగు మనిషిలోనే బతుకుతుంది. 1851లో కైరోలో బిల్‌హార్జ్ అనే జర్మన్ వైద్యుడు దాన్ని కనుగొన్నాడు. విక్టోరియా సరస్సు, మలావి సరస్సు ఎంతో అందమైనవి. ఒడ్డున నిలిచిన నీటిలో ఈ పురుగు ఉంటుంది. 2021లో ప్రపంచంలో 25 కోట్లకు పైగా ప్రజలకు ఈ జబ్బు నివారణ మందు అవసరమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన తెలుగువారు ఉద్యోగాలమీద టాంజానియా, ఉగాండా వెళుతున్నారు. రేపు మీలో ఎవరైనా వెళ్ళవచ్చు. అక్కడి సరస్సులో దిగేముందు ఈ వ్యాసం గుర్తుచేసుకోండి.

గట్టుమీద నిలబడి వేసుకోవలసిన ప్రశ్నలు

ఇన్ని జబ్బుల పేర్లు గుర్తుపెట్టుకోవడం కష్టమే. ప్రశ్నలు గుర్తుంటే చాలు. లోతెంత, సుడి ఉందా, అలల లాగుడు ఉందా, పెద్దలెవరైనా దగ్గరున్నారా అన్నది అన్నిటికన్నా ముందు ప్రశ్న. అది తేలినాక ఈ నాలుగూ అడగండి.

ఒకటి, ఎగువన ఏముంది? మురుగుకాలువ, ఊరి బహిర్భూమి, పందుల దొడ్డి, ఆసుపత్రి కాలువ ఉంటే దానికి దిగువన దిగకండి. వీలైతే ఎగువకు నడవండి.

రెండు, నిన్న మొన్న వాన పడిందా? పెద్దవాన కురిస్తే ఊళ్ళోని మలినమంతా నీటిలోకి కొట్టుకువస్తుంది. నదిలోనైనా, నది కలిసే సముద్రతీరంలోనైనా కనీసం రెండు మూడు రోజులు ఆగడం మంచిది.

మూడు, నీరు పారుతోందా, నిలిచి వెచ్చబడిందా? ఎండాకాలంలో అడుగంటిన చెరువులు, బందలు, పచ్చని నాచు తేలే కోనేళ్ళు ఈతకు తగవు.

నాలుగు, ఇక్కడ ఇంకా ఎవరెవరు దిగుతారు? పశువులను కడిగేచోట, గుడ్డలు ఉతికేచోట స్నానం వద్దు. గట్టుమీద నత్తలు, ఎలుక కన్నాలు విస్తారంగా ఉన్నాయేమో చూడండి.

ఈ ప్రశ్నలకు సమాధానం ఆ ఊరివారినే అడగండి. పశువులు కాసే కుర్రవాడికి తెలిసినంతగా ఆ చెరువు సంగతి బస్సు దిగి వచ్చిన మనకు తెలియదు. ఋషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు కావాలంటే నీటిని క్రమంగా పరీక్షించి, ఫలితాలను అందరికీ కనబడేలా ప్రకటించాలని నిబంధన. ఇలాంటి బోర్డు తీరాలకే ఎందుకు? పుణ్యస్నానాలు జరిగే ప్రతి రేవులోనూ, పిల్లలు ఈదే ప్రతి చెరువు దగ్గరా ఎందుకు ఉండకూడదని నేను అడుగుతున్నాను. శివరాత్రి ఉత్సవాలలో ముఖలింగం వద్ద వంశధారలో చక్రతీర్థ స్నానానికి వేలమంది వస్తారు. నీటి పరీక్ష ఫలితం అక్కడ ఒక బోర్డుమీద రాసిపెడితే భక్తికి లోటేమీ రాదు. ఆరోగ్యానికి మేలే.

దిగినాక, పైకి వచ్చినాక

నీటిలో ఉన్నంతసేపు నోరు మూసి ఈదండి, నీళ్ళు పుక్కిలించి ఊయడం ఆటగా చేయకండి. పుండు, గాయం ఉంటే ఆ రోజు గట్టుమీదే కూర్చోండి. మానని గాయానికి ఉప్పునీరు మందని సముద్రంలో దిగడమూ తప్పే. అక్కడ గాయాల దారిన దూరే బాక్టీరియా వేరే ఉన్నాయి. బయటికి వచ్చినాక మంచినీటితో, వీలైతే సబ్బుతో ఒళ్ళు కడుక్కుని పొడి తువ్వాలుతో గట్టిగా తుడుచుకోండి. చెవులలో నీరు లేకుండా తల పక్కకు వంచి కార్చండి. నానిన చెవిలో పుల్లలు పెట్టకండి. చేతులు కడుక్కున్నాకే పులిహోర పొట్లం విప్పండి. తాగే నీరు ఇంటినుంచే తీసుకువెళ్ళండి.

డాక్టరుకు నీళ్ళ సంగతి చెప్పండి

ఇందాక ఒక మాట గుర్తుంచుకోమన్నాను. అది ఈ వ్యాసంలో అన్నిటికన్నా విలువైన మాట. 2024లో కేరళలోని కోజికోడ్ జిల్లాలో 14 ఏళ్ళ కుర్రవాడికి తలనొప్పి, జ్వరం వచ్చాయి. మూర్ఛలు కూడా వచ్చాయి. మెదడు అమీబా గురించి అతని తండ్రి అంతకుముందే చదివి ఉన్నాడు. వెంటనే కొడుకును చెరువులో ఈదావా అని అడిగి, ఆ సంగతి డాక్టర్లకు చెప్పాడు. వారు వెన్నునీరు పరీక్షించి, అమీబాను గుర్తించి, వెంటనే మందులు మొదలుపెట్టారు. ఆ మందులలో కాలాఅజార్‌కు వాడే మిల్టెఫోసిన్ కూడా ఉంది. కుర్రవాడు బతికాడు! ఈ జబ్బునుంచి బయటపడినవారు ప్రపంచం మొత్తంమీద ఎంతో కొద్దిమంది. వారిలో అతనొకడయ్యాడు. అతన్ని బతికించినవాటిలో మందులు ఎంత ముఖ్యమో, సకాలంలో చెప్పిన ఆ ఒక్క మాటా అంతే ముఖ్యం.

పిల్లలు ఈ మాటే చెప్పరు. ఇంట్లో తెలియకుండా ఈతకు పోయినవాడు జ్వరం వచ్చినా ఆ సంగతి దాస్తాడు, దెబ్బలు పడతాయని భయం. అందుకే "నీళ్ళ జోలికి పోవద్దు" అనే శాసనం ప్రమాదకరమని నేను అంటున్నాను. అది ఈతను ఆపదు, నిజం చెప్పడాన్ని ఆపుతుంది. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కూడా ఈ పేజీ చదువుతారు కనుక వారికి ఒక విన్నపం. ఈతకు వెళ్ళానని చెప్పిన పిల్లవాణ్ణి కొట్టకండి. ఎక్కడ ఈదావు, ఎప్పుడు ఈదావు అని అడగండి.

నీటిలో దిగిన రెండు వారాల లోపల తీవ్రమైన తలనొప్పితో జ్వరం, వాంతులు, మెడ బిగుసుకోవడం కనబడితే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకూడదు. పిక్కల నొప్పితో జ్వరం, కళ్ళు పచ్చబడటం, ఆగని విరేచనాలు కనబడినా ఆసుపత్రికి వెళ్ళాలి. కొన్ని జబ్బులు బయటపడటానికి వారాలు పడుతుంది. కనుక నెల కిందటి ఈతయినా సరే చెప్పండి. సొంతంగా మందుబిళ్ళలు కొని మింగకండి.

మీరు చేయవలసిన పని

చివరగా ఒక సంగతి. ఇంతసేపూ నీరు మనకు ఏం చేస్తుందో చెప్పుకున్నాం. మనం నీటికి ఏం చేస్తున్నాం? కలకత్తా చెరువును పాడుచేసింది ఆ చెరువు గట్టునున్నవారే. విరేచనాలు పట్టుకున్నవారు నీటిలో దిగకూడదు, తగ్గినాక కూడా కొన్ని రోజులు ఆగాలి. విహారయాత్రకు పోయినచోట గట్టునే మలవిసర్జన చేసి, అదే నీటిలో దిగి, మరునాడు వచ్చే మరో బడి పిల్లలకు జబ్బు వదిలివెళ్ళడం కన్నా చెడ్డపని ఇంకొకటి లేదు.

మీ బడిలో సైన్సు క్లబ్బు ఉంటే ఈ సంవత్సరం ఒక పని పెట్టుకోండి. మీ ఊరి నది వెంటగాని, చెరువు గట్టుమీదగాని ఒక ఆదివారం ఉపాధ్యాయుడితో కలిసి నడవండి. మురుగు ఎక్కడ కలుస్తోంది, పశువులు ఎక్కడ దిగుతున్నాయి, ఉతుకు ఎక్కడ, స్నానం ఎక్కడ, పిల్లలు దూకేది ఎక్కడ అని ఒక పటం గీయండి. వానకు ముందు ఒకసారి, వాన తరువాత ఒకసారి గీయండి. దాన్ని బడి గోడమీద అంటించి, ఒక నకలు పంచాయతీకి ఇవ్వండి. ఎక్కడ ఈదవచ్చో, ఎక్కడ ఈదకూడదో మీ ఊరి పిల్లలకు ఆ పటం చెబుతుంది. దూరప్రయాణంలో కొత్త నీటి ముందు నిలబడినప్పుడు ఏం చూడాలో మీ కళ్ళకు అలవాటవుతుంది.

నీటికి భయపడకండి. నీటిని గుడ్డిగా నమ్మకండి. అడగండి, చూడండి, ఆ తరువాత హాయిగా ఈదండి.

— ఒక సైన్సు ఉపాధ్యాయుడు, పాతపట్నం